పాత మోటారు సైకిళ్ళలో చార్జింగు లోపాల నిర్ధారణ

మోటారు సైకిలు ఇంజను తిరుగుతున్నపుడు విద్యుత్తును ఉత్పత్తి చేసి, దానిని బ్యాటరీకి, దీపాలకు, హారనుకు అందించే ఏర్పాటును చార్జింగు వ్యవస్థ అంటారు. ఈ వ్యవస్థలో ఏ భాగం చెడిపోయినదో వరుస పరీక్షల ద్వారా తెలుసుకొనుటయే చార్జింగు లోపాల నిర్ధారణ. బండి పాతదగుకొద్దీ తీగలు, అతుకులు, కాయిళ్ళు బలహీనపడతాయి. అందువలన 15 నుండి 30 సంవత్సరాల వయసు గల బండ్లలో ఈ లోపాలు ఎక్కువగా కనిపిస్తాయి. తెలంగాణ రాష్ట్రపు దక్షిణ భాగంలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో వ్యవసాయ పనులకు, గ్రామాల మధ్య రాకపోకలకు ఇటువంటి పాత బండ్లు నేటికీ వాడుకలో ఉన్నవి. ఈ వ్యాసం అటువంటి బండ్ల చార్జింగు వ్యవస్థ నిర్మాణాన్ని, లోపాల లక్షణాలను, సాధారణ మల్టీమీటరుతో చేయదగిన పరీక్షలను వివరిస్తుంది.

నేపథ్యం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాలు పూర్వం మహబూబ్ నగర్ జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఈ మూడూ వేర్వేరు జిల్లా కేంద్రాలైనవి. కృష్ణా, తుంగభద్ర నదుల మధ్యనున్న గద్వాల, అలంపూరు ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. వనపర్తి జిల్లాలో కొత్తకోట, పెబ్బేరుల మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి (పూర్వపు 7వ నంబరు రహదారి) పోతుంది. నాగర్‌కర్నూలు జిల్లా దక్షిణ భాగం నల్లమల అడవులతో నిండి ఉన్నది. ఊరికీ పొలానికీ మధ్య, ఊరికీ మండల కేంద్రానికీ మధ్య ద్విచక్ర వాహనమే ప్రధాన సాధనం.

ఇక్కడి పాత బండ్లలో చాలావాటి నంబరు పలక "ఏపీ 22" అని మొదలవుతుంది. అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలో మహబూబ్ నగర్ జిల్లాకు కేటాయించిన సంకేతం. 2014లో రాష్ట్రం ఏర్పడిన తరువాత మహబూబ్ నగర్‌కు టీఎస్ 06, 2016 తరువాత నాగర్‌కర్నూలుకు టీఎస్ 31, వనపర్తికి టీఎస్ 32, జోగుళాంబ గద్వాల జిల్లాకు టీఎస్ 33 వచ్చినవి. అందువలన ఏపీ 22 పలక ఉన్న బండి వయసు పదేళ్ళు దాటినదని చూడగానే చెప్పవచ్చు.

సొంత వాహనానికి తొలి రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. అందుకు బండి నడపదగిన స్థితిలో ఉండాలి. దీపాలు, హారను, బ్రేకు దీపం పనిచేయాలి. కాబట్టి చార్జింగు లోపాన్ని సరిదిద్దుకొనుట సౌకర్యానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

ప్రాముఖ్యత

పాత 100 సీసీ బండ్లలో ఒక విచిత్రమైన స్థితి తరచుగా కనిపిస్తుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా, లేక అసలు లేకపోయినా, బండి కిక్కు కొట్టగానే స్టార్టవుతుంది, హెడ్ లైటు వెలుగుతుంది. ఆ బండ్లలో జ్వలనానికి, హెడ్ లైటుకు విద్యుత్తు బ్యాటరీతో నిమిత్తం లేకుండా కాయిళ్ళ నుండే నేరుగా రావడం ఇందుకు కారణం. బండి నడుస్తున్నది కదా అని యజమానులు బ్యాటరీ సంగతి పట్టించుకోరు. కాని బ్యాటరీ లేనపుడు హారను మోగదు, ఇండికేటర్లు వెలగవు, బ్రేకు వేసినపుడు వెనుక దీపం వెలగదు. రాత్రివేళ జాతీయ రహదారిపై ఎర్రవల్లి కూడలి వద్దనో కొత్తకోట వద్దనో వెనుక వస్తున్న లారీకి ముందున్న బండి ఆగుతున్నదని తెలిపేది ఆ బ్రేకు దీపం ఒక్కటే.

రెండవ నష్టం ధన సంబంధమైనది. చార్జింగు రావడం లేదనగానే కొత్త బ్యాటరీ వేయించడం సాధారణ అలవాటు. లోపం బ్యాటరీలో లేక వేరే చోట ఉన్నపుడు ఆ కొత్త బ్యాటరీ కూడా కొద్ది వారాలలోనే పాతదాని గతి పడుతుంది. బ్యాటరీ పాడవడం అనేక సందర్భాలలో రోగం కాదు, రోగ లక్షణం మాత్రమే.

పనిచేయు విధానం

చార్జింగు వ్యవస్థకు ఆధారం మైఖేల్ ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ. తీగ చుట్టకు దగ్గరలో అయస్కాంతం కదిలితే ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. మోటారు సైకిలులో ఇంజను క్రాంకు కడ్డీ చివర అయస్కాంతాలు గల గుండ్రని చక్రం ఉంటుంది. దానిని మెకానిక్కులు మ్యాగ్నెట్ అంటారు. దాని లోపల కదలకుండా బిగించిన కాయిళ్ళు గల పలకను స్టేటర్ లేదా కాయిల్ ప్లేటు అంటారు. ఇంజను తిరిగినపుడు మ్యాగ్నెట్ కాయిళ్ళ చుట్టూ తిరిగి వాటిలో ఏకాంతర విద్యుత్తును పుట్టిస్తుంది. ఇంజను వేగం పెరిగినకొద్దీ వోల్టేజి కూడా పెరుగుతుంది.

బ్యాటరీకి కావలసినది ఏకముఖ విద్యుత్తు. ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చే పరికరం రెక్టిఫయర్. వేగంతో పాటు పెరిగే వోల్టేజిని హద్దులో ఉంచే పరికరం రెగ్యులేటర్. 1980ల తరువాత వచ్చిన బండ్లలో సాధారణంగా ఈ రెండింటినీ రెక్కలు గల ఒకే అల్యూమినియం పెట్టెలో అమర్చారు. దీనిని వాడుకలో ఆర్ఆర్ యూనిట్ అంటారు.

బ్యాటరీ సీసం పలకలు, సజల గంధకికామ్లం గల సంచాయక ఘటాల సమూహం. దీనిని ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో కనుగొన్నాడు. ఒక్కొక్క ఘటం సుమారు 2 వోల్టులు ఇస్తుంది. 6 వోల్టుల బ్యాటరీలో మూడు, 12 వోల్టుల బ్యాటరీలో ఆరు ఘటాలు ఉంటాయి. తిరుపతి సమీపంలోని కరకంబాడి కేంద్రంగా పెరిగిన అమరరాజా సంస్థ ఈ రకం బ్యాటరీల తయారీలో దేశంలోని పెద్ద సంస్థలలో ఒకటి.

పాత బండ్లలో రకాలు

పరీక్ష మొదలు పెట్టుటకు ముందు బండి ఏ రకానికి చెందినదో తెలుసుకోవాలి. ఒక రకానికి సరియైన కొలత మరొక రకానికి లోపంగా కనిపించవచ్చు.

డైనమో రకం: మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారంలో తయారైన 250 సీసీ జావా బండ్లలో 6 వోల్టుల డైనమో ఉండేది. ఇది కార్బన్ బ్రష్షులు, కమ్యుటేటర్ల సాయంతో నేరుగా ఏకముఖ విద్యుత్తునే ఇస్తుంది. కాబట్టి దీనికి రెక్టిఫయర్ అవసరం లేదు. బ్రష్షులు అరగడం, కమ్యుటేటరుపై మసి చేరడం, కటౌట్ పాయింట్లు కాలిపోవడం దీనిలో ముఖ్య లోపాలు.

బ్యాటరీ జ్వలన రకం: పాయింట్లు, ఇగ్నిషన్ కాయిలు గల పాత బుల్లెట్ బండ్లలో జ్వలనానికి బ్యాటరీ విద్యుత్తే ఆధారం. చార్జింగు నిలిచిపోతే బ్యాటరీ క్రమంగా దిగిపోయి కొంత దూరం పోయిన తరువాత ఇంజనే ఆగిపోతుంది. ఈ బండ్ల ముందు భాగంలో ఒక చిన్న ఆంపియర్ మీటరు ఉంటుంది. హెడ్ లైటు వేసి ఇంజను వేగం పెంచినపుడు ముల్లు మధ్య గీత నుండి ధన గుర్తు వైపు జరగాలి. ఋణ గుర్తు వైపే నిలిచి ఉంటే బ్యాటరీకి రాబడి లేక ఖర్చు మాత్రమే ఉన్నదని అర్థం.

సింగిల్ ఫేజ్ రకం: 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ మొదలైన 100 సీసీ బండ్లు ఈ రకానికి చెందినవి. వీటిలో బ్యాటరీ చార్జింగుకు ఒక తీగ, దీపాలకు మరొక తీగ స్టేటర్ నుండి వస్తాయి. జ్వలనానికి వేరే కాయిలు ఉంటుంది. హెడ్ లైటు ఏకాంతర విద్యుత్తుతో వెలుగుతుంది. అందుకే ఇంజను నెమ్మదిగా తిరిగినపుడు మసకగాను, వేగం పెంచినపుడు ప్రకాశవంతంగాను ఉంటుంది. ఈ బండ్లలో ఇది లోపం కాదు.

త్రీ ఫేజ్ రకం: సెల్ఫ్ స్టార్టరు, ఎక్కువ దీపాలు గల పెద్ద బండ్లలో స్టేటర్ నుండి మూడు తీగలు వస్తాయి, చాలా బండ్లలో ఈ మూడూ పసుపు రంగులో ఉంటాయి. బోరు మోటారు నడిపే రైతుకు త్రీ ఫేజ్ అనగానే విషయం తెలిసిపోతుంది. ఒక ఫేజు పోతే మోటారు మూలుగుతూ సరిగా తిరగనట్లే, మూడింటిలో ఒక కాయిలు తెగితే చార్జింగు పూర్తిగా ఆగదు గాని చాలినంత రాదు. ఇటువంటి లోపం త్వరగా బయటపడదు.

లోపాల లక్షణాలు

* హారను బొంగురుగా మోగడం, ఇండికేటర్లు నెమ్మదిగా వెలిగి ఆరడం లేదా వెలిగి అలాగే నిలిచిపోవడం: బ్యాటరీ దిగిపోయినది. కారణం బ్యాటరీయే కావచ్చు, చార్జింగు కావచ్చు.
* రాత్రి బాగుండి ఉదయానికి బ్యాటరీ దిగిపోవడం: తాళం తీసినా ఎక్కడో విద్యుత్తు కారుతున్నది, లేదా బ్యాటరీలో ఒక ఘటం చెడిపోయినది.
* పగటి ప్రయాణంలో బాగుండి, దీపాలతో రాత్రి ప్రయాణించిన తరువాత బ్యాటరీ దిగిపోవడం (దీపాలు బ్యాటరీ విద్యుత్తుతో వెలిగే బండ్లలో): ఉత్పత్తి ఖర్చుకు చాలడం లేదు.
* బల్బులు మాటిమాటికి మాడిపోవడం: రెగ్యులేటర్ వోల్టేజిని ఆపడం లేదు, లేదా దాని ఎర్త్ తీగ వదులైనది.
* బ్యాటరీలో నీరు త్వరగా తగ్గడం, సీలు వేసిన బ్యాటరీ ఉబ్బడం, ఆమ్లపు వాసన: చార్జింగు మితిమీరినది.
* ప్లాస్టిక్ కనెక్టరు గోధుమ రంగుకు మారి కరగడం: ఆ అతుకు వద్ద నిరోధం పెరిగి వేడి పుడుతున్నది.

పరీక్షకు కావలసిన పరికరాలు

ఒక సాధారణ డిజిటల్ మల్టీమీటరు, స్క్రూడ్రైవరు, స్పానర్లు, ఉప్పుకాగితం, బ్యాటరీ నీరు (డిస్టిల్డ్ వాటర్), తెలిసిన మంచి బ్యాటరీ ఒకటి ఉంటే చాలు. నీరు పోసే బ్యాటరీ అయితే హైడ్రోమీటరు ఉపయోగపడుతుంది. పరీక్ష గాలి వచ్చే చోట చేయాలి. చార్జింగు సమయంలో బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు. ఆమ్లం చర్మంపై పడితే వెంటనే ఎక్కువ నీటితో కడగాలి.

పరీక్షా క్రమం

సులభమైన పరీక్ష ముందు, కష్టమైనది తరువాత చేయుట ఈ క్రమంలోని సూత్రం. ఇంజను కవరు విప్పే పని చివరిది కావాలి.

1. కంటితో చూచుట. ముందుగా ఫ్యూజు చూడాలి. కాలిన ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టి ఉంటే దానిని తీసి సరియైన ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. బ్యాటరీ కొసలపై తెల్లని లేదా పచ్చని పొడి ఉంటే గోరువెచ్చని నీటితో కడిగి, రుద్ది, ఆరిన తరువాత బిగించి పెట్రోలియం జెల్లీ రాయాలి. బ్యాటరీ ఋణ తీగ బండి చట్రానికి బిగించిన చోట రంగు, తుప్పు గీకి లోహం తగిలేటట్లు చేయాలి. బ్రేకు తొక్కకుండానే వెనుక దీపం ఎక్కువగా వెలుగుతున్నదేమో చూడాలి. ఇది చిన్న విషయంగా కనిపించినా ముఖ్యమైనది. 21 వాట్ల బ్రేకు బల్బు 12 వోల్టుల వద్ద సుమారు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. 2.5 ఆంపియర్ గంటల చిన్న బ్యాటరీని అది గంటన్నర లోపే ఖాళీ చేయగలదు. బ్రేకు పెడలు వద్దనున్న స్విచ్చును సరిచేస్తే ఖర్చు లేకుండా బాగుపడే లోపమిది.

2. నిలకడ వోల్టేజి. బండి ఆపి కొన్ని గంటలు, వీలైతే రాత్రంతా, ఉంచిన తరువాత బ్యాటరీ కొసల మధ్య వోల్టేజి కొలవాలి. మీటరును 20 వోల్టుల ఏకముఖ విద్యుత్తు స్థానంలో ఉంచాలి. 12 వోల్టుల బ్యాటరీకి 12.6 నుండి 12.8 వరకు ఉంటే పూర్తిగా నిండినది, 12.4 అయితే సుమారు ముప్పాతిక, 12.2 అయితే సుమారు సగం, 12.0 కంటె తక్కువైతే దాదాపు ఖాళీ. 6 వోల్టుల బ్యాటరీకి వీటిలో సగం విలువలు వర్తిస్తాయి. 12 వోల్టుల బ్యాటరీ ఎంత చార్జి చేసినా 10.5 దగ్గరే నిలిచిపోతే ఆరు ఘటాలలో ఒకటి పనిచేయడం లేదని భావించాలి.

3. భారం వేసి చూచుట. బ్యాటరీని బయట చార్జి చేసి, తాళం పెట్టి హారను నొక్కుతూ వోల్టేజి చూడాలి. మంచి బ్యాటరీలో వోల్టేజి కొద్దిగా తగ్గి, బొత్తాం వదలగానే తిరిగి పెరుగుతుంది. 12.6 చూపిన బ్యాటరీ హారను నొక్కగానే 9కి పడిపోతే దానిలో వోల్టేజి ఉన్నదేగాని శక్తి లేదు. పలకలపై సీసం సల్ఫేటు గట్టిపడుట ఇందుకు సాధారణ కారణం. సెల్ఫ్ స్టార్టరు గల బండిలో స్టార్టరు తిరుగుతున్నపుడు 9.6 కంటె తగ్గకూడదు. ఈ పరీక్షలో ఓడిన బ్యాటరీతో తరువాతి పరీక్షలు చేయరాదు. మంచి బ్యాటరీ అమర్చి ముందుకు పోవాలి.

4. ఇంజను నడుస్తుండగా వోల్టేజి. మొత్తం క్రమంలో అతి ముఖ్యమైన పరీక్ష ఇదే. మీటరును బ్యాటరీ కొసలకు తగిలించి, ఇంజను స్టార్టు చేసి, మెల్లగా వేగం పెంచాలి. 12 వోల్టుల బండిలో నిమిషానికి 4000 నుండి 5000 భ్రమణాల వద్ద వోల్టేజి 13.8 నుండి 14.8 మధ్య నిలవాలి. ఇక్కడ మూడు ఫలితాలు సాధ్యం.

* వోల్టేజి ఆ హద్దులో నిలిచినది: చార్జింగు సరిగానే ఉన్నది. లోపం బ్యాటరీలోనో, విద్యుత్తు కారుటలోనో, అదనపు దీపాలలోనో వెదకాలి.
* వోల్టేజి పెరగలేదు, లేదా వేగం పెంచినకొద్దీ తగ్గుతున్నది: చార్జింగు రావడం లేదు. 5వ పరీక్షకు పోవాలి.
* వోల్టేజి 15 దాటి పెరుగుతూనే ఉన్నది: రెగ్యులేటర్ లేదా దాని ఎర్త్ లోపం. బండిని ఆ స్థితిలో నడపరాదు.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి చార్జింగు ఉన్నదా లేదా అని చూచే పద్ధతి కొన్నిచోట్ల ఉన్నది. ఇది ప్రమాదకరం. బ్యాటరీ ఆసరా పోగానే వోల్టేజి ఒక్కసారి ఎగసి బల్బులను, రెగ్యులేటరును, ఇతర ఎలక్ట్రానిక్ భాగాలను మాడ్చివేయవచ్చు.

5. అతుకుల వద్ద వోల్టేజి నష్టం. స్టేటరును అనుమానించుటకు ముందు దారిని చూడాలి. ఇంజను నడుస్తుండగా మీటరు ఒక కొసను రెక్టిఫయర్ నుండి వచ్చే ధన తీగకు, రెండవ కొసను బ్యాటరీ ధన కొసకు తాకించాలి. మంచి దారిలో ఈ తేడా 0.2 లేదా 0.3 వోల్టులకు మించదు. అదే విధంగా రెక్టిఫయర్ ఎర్త్‌కు, బ్యాటరీ ఋణ కొసకు మధ్య కూడా చూడాలి. తేడా ఎక్కువగా ఉంటే మధ్యలో తుప్పు పట్టిన అతుకో, తెగబోతున్న తీగో ఉన్నది. పాత బండ్లలో ఎన్నో చార్జింగు లోపాలు ఇక్కడే బయటపడతాయి.

6. స్టేటర్ పరీక్ష. స్టేటర్ కనెక్టరును ఊడదీసి, మీటరును 200 వోల్టుల ఏకాంతర విద్యుత్తు స్థానంలో ఉంచాలి. త్రీ ఫేజ్ బండిలో మూడు తీగలను రెండేసి చొప్పున మూడు జతలుగా కొలవాలి. వేగం పెంచినపుడు మూడు కొలతలూ సమానంగా పెరగాలి. ఒక జత కొలత మిగిలినవాటి కంటె బాగా తక్కువైతే కాయిలు చెడిపోయినది. అసలు సంఖ్య బండిని బట్టి మారుతుంది కాబట్టి తయారీదారు పుస్తకం చూడాలి. కాని మూడింటి సమానత్వం ఏ బండికైనా వర్తించే పరీక్ష. సింగిల్ ఫేజ్ బండిలో చార్జింగు తీగకు, ఎర్త్‌కు మధ్య కొలవాలి.

తరువాత ఇంజను ఆపి నిరోధం కొలవాలి. త్రీ ఫేజ్ కాయిళ్ళ మధ్య నిరోధం చాలా తక్కువ, సాధారణంగా ఒక ఓమ్ లోపు. మీటరు తీగల సొంత నిరోధాన్ని ఇందులోనుండి తీసివేయాలి. త్రీ ఫేజ్ స్టేటరులో ఏ తీగకూ ఎర్త్‌తో సంబంధం ఉండరాదు. ఉంటే ఇన్సులేషను కాలి కాయిలు షార్టయినది. అయితే సీడీ 100 తరహా సింగిల్ ఫేజ్ స్టేటరులో కాయిలు ఒక కొసను ఎర్త్‌కే కలిపి ఉంచుతారు. అక్కడ ఎర్త్‌తో సంబంధం చూపుట సహజం. ఈ తేడా తెలియకపోవడం వలన మంచి కాయిల్ ప్లేట్లను మార్చివేస్తుంటారు.

7. రెక్టిఫయర్ పరీక్ష. స్టేటర్ బాగుండి, అతుకులు బాగుండి, చార్జింగు రాకపోతే మిగిలినది ఆర్ఆర్ యూనిట్. మీటరును డయోడు స్థానంలో ఉంచి త్రీ ఫేజ్ యూనిట్ ప్రతి పసుపు తీగ కొసకు, ధన కొసకు మధ్య ఒక దిశలో, తరువాత మీటరు కొసలు తారుమారు చేసి రెండవ దిశలో చూడాలి. ఒక దిశలో సుమారు 0.4 నుండి 0.7 వోల్టులు చూపి, రెండవ దిశలో ఏమీ చూపరాదు. రెండు దిశలలోను సున్నా చూపితే డయోడు షార్టయినది. రెండు దిశలలోను ఏమీ చూపకపోతే తెగిపోయినది. సింగిల్ ఫేజ్ యూనిట్ల లోపలి అమరిక వేరు కాబట్టి ఈ పరీక్ష వాటికి పూర్తి తీర్పు ఇవ్వదు. అదే నమూనా బండి నుండి మంచి యూనిట్ తెచ్చి అమర్చి 4వ పరీక్షను మళ్ళీ చేయుట నమ్మదగిన మార్గం.

8. విద్యుత్తు కారుట. తాళం తీసి, బ్యాటరీ ఋణ తీగ విప్పి, దానికీ బ్యాటరీ ఋణ కొసకూ మధ్య మీటరును ఆంపియర్ స్థానంలో కలపాలి. గడియారం వంటివి లేని పాత బండిలో కొలత దాదాపు సున్నా ఉండాలి. 50 మిల్లీ ఆంపియర్లు కారుతుంటే 2.5 ఆంపియర్ గంటల బ్యాటరీ 50 గంటలలో, అనగా రెండు రోజుల పైచిలుకు కాలంలో, ఖాళీ అవుతుంది. కారుట ఉంటే ఆర్ఆర్ యూనిట్ కనెక్టరును, తరువాత తాళం స్విచ్చును, తరువాత అదనంగా పెట్టించిన వస్తువులను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ మీటరు ఎప్పుడు సున్నాకు వస్తుందో చూడాలి. మీటరు ఈ స్థానంలో ఉండగా హారను నొక్కరాదు, కిక్కు కొట్టరాదు.

ప్రాంతీయ పరిస్థితుల ప్రభావం

ఈ మూడు జిల్లాలలో వేసవి ఉష్ణోగ్రతలు 40 డిగ్రీల సెల్సియస్ దాటుతాయి. వేడికి బ్యాటరీలోని నీరు ఆవిరవుతుంది, పలకల అరుగుదల వేగమవుతుంది. నీరు పోసే బ్యాటరీని మార్చి నుండి జూన్ వరకు నెలకు కనీసం రెండు సార్లు చూచుట మంచిది. తగ్గిన మేరకు డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీటిలోని లవణాలు పలకలను పాడుచేస్తాయి. ఆమ్లం మళ్ళీ పోయరాదు.

వానాకాలంలో వరి మడుల గట్ల మీద, నల్లరేగడి దారులలో బండి నడిచినపుడు బురద చక్రాల నుండి ఎగసి బ్యాటరీ, రెక్టిఫయర్ కనెక్టర్లపై చేరుతుంది. బండిని కాలువలోనో చెరువులోనో కడుగునపుడు నీరు ఇంజను ఎడమ కవరులోనికి, కనెక్టర్లలోనికి పోతుంది. 2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణా, తుంగభద్రలకు వచ్చిన వరదలో అలంపూరు ప్రాంతం, నది ఆవలి కర్నూలు నగరం మునిగినవి. ఇటువంటి వరదలో మునిగిన బండి ఇంజనులో నూనె మార్చగానే స్టార్టు కావచ్చు. కాని తీగల తొడుగు లోపలికి పోయిన నీరు రాగిని పచ్చబరచి, నెలలు గడిచిన తరువాత చార్జింగు లోపంగా బయటపడుతుంది. మునిగిన బండిలో ప్రతి కనెక్టరును విప్పి, ఆరబెట్టి, శుభ్రపరచి బిగించాలి. స్టేటర్ కవరును కూడా విప్పి చూడాలి.

ఎలుకలు తీగలను కొరకడం గ్రామాలలో మరొక కారణం. ధాన్యం బస్తాల పక్కన నిలిపిన బండిలో సీటు కింది తీగలను తప్పక చూడాలి.

నల్లమల గుండా పోవు హైదరాబాదు - శ్రీశైలం రహదారిలో మన్ననూరు దాటిన తరువాత ఘాటు మలుపులు, వన్యప్రాణుల సంచారం ఉంటాయి. అడవి దారిలో రాత్రివేళ రాకపోకలపై అటవీ శాఖ ఆంక్షలున్నవి. సాయంత్రం ఆలస్యమైన ప్రయాణంలో దీపం, హారను పనిచేయని బండి ఇటువంటి దారిలో మిక్కిలి ప్రమాదకరం.

అదనపు దీపాలు, హారన్లు

ఎక్కువ వెలుగు కోసం ఫోకసు దీపాలు, పెద్ద శబ్దం కోసం అదనపు హారన్లు పెట్టించుట సాధారణం. పాత 100 సీసీ బండి కాయిళ్ళు తయారీదారు ఇచ్చిన బల్బులకు సరిపోను మాత్రమే విద్యుత్తునిస్తాయి. 55 వాట్ల ఒక ఫోకసు దీపాన్ని బ్యాటరీకి కలిపితే అది సుమారు 4.6 ఆంపియర్లు తీసుకుంటుంది. 2.5 ఆంపియర్ గంటల బ్యాటరీ లెక్కకు అరగంటలోనే ఖాళీ కావాలి. ఆచరణలో అంతకంటె ముందే అవుతుంది. అటువంటి బండిలో చార్జింగు వ్యవస్థలో లోపమేమీ లేదు, భారమే ఎక్కువ. ఎల్ఈడీ దీపాలు తక్కువ విద్యుత్తు తీసుకుంటాయి. అయితే ఏకాంతర విద్యుత్తు వచ్చే హెడ్ లైటు స్థానంలో ఏకముఖ విద్యుత్తు కోసం చేసిన ఎల్ఈడీ బల్బు పెడితే అది మినుకుమినుకుమంటుంది లేదా త్వరగా మాడిపోతుంది.

మరమ్మతులు

బ్యాటరీ: బయట చార్జి చేయించునపుడు ఆంపియర్ గంటల విలువలో పదవ వంతు విద్యుత్తుతో చేయాలి. 2.5 ఆంపియర్ గంటల బ్యాటరీకి 0.25 ఆంపియర్ చాలు. ట్రాక్టరు, లారీ బ్యాటరీలతో వరుసగా కలిపి ఎక్కువ విద్యుత్తు పంపితే చిన్న బ్యాటరీ లోపల వేడెక్కి పాడవుతుంది. పాత బ్యాటరీని చెత్తలో వేయరాదు, పగలగొట్టరాదు. సీసం విషపూరితం, ముఖ్యంగా పిల్లలకు హానికరం. 2001 నాటి బ్యాటరీల నిబంధనలు, వాటి స్థానంలో వచ్చిన 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ఉద్దేశం ప్రకారం పాత బ్యాటరీని అమ్మకందారునికి తిరిగి ఇవ్వాలి. దాని విలువ కొత్తదాని ధరలో తగ్గించుట వాడుక.

స్టేటర్: కాలిన కాయిలును కొత్తదానితో మార్చవచ్చు, లేదా తిరిగి చుట్టించవచ్చు. బోరు మోటార్లకు వైండింగు చేసే పనివారు స్టేటరునూ చుట్టగలరు. అయితే తీగ మందం, చుట్ల సంఖ్య, చుట్టిన దిశ మొదటిదానికి సరిపోవాలి. ఇంజను నూనెలో మునిగి పనిచేసే స్టేటర్లకు వేడిని, నూనెను తట్టుకొనే వార్నిషు తప్పనిసరి.

మ్యాగ్నెట్: దీనిని తగిన పుల్లరుతో మాత్రమే ఊడదీయాలి. సుత్తితో కొడితే అయస్కాంతాలు పగలవచ్చు లేదా బలహీనపడవచ్చు.

ఆర్ఆర్ యూనిట్: దీనిని బండి చట్రానికి గట్టిగా బిగించాలి. ఆ లోహమే దాని వేడిని తీసుకుపోతుంది. కొన్ని నమూనాలలో ఎర్త్ కూడా అదే. తీగతో వేలాడదీసిన యూనిట్ ఎక్కువ కాలం నిలవదు.

మరమ్మతు ఏదైనా, పూర్తయిన తరువాత 4వ పరీక్షను మళ్ళీ చేయాలి. దీపాలు వేసి, బ్రేకు తొక్కి, ఇండికేటరు పెట్టి కూడా వోల్టేజి బ్యాటరీ నిలకడ విలువకు పైన నిలిస్తేనే పని పూర్తయినట్లు.

విద్యార్థులకు ఉపయోగం

చార్జింగు లోపాల నిర్ధారణలో ఓమ్ నియమం, విద్యుదయస్కాంత ప్రేరణ, డయోడు పనితీరు, సీసపు సంచాయక ఘటం మొదలైన పాఠ్యాంశాలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. వనపర్తి సంస్థానపు రాజభవనంలో 1959లో మొదలైన కృష్ణదేవరావు పాలిటెక్నిక్ వంటి సంస్థలలోను, ఐటీఐలలోను చదివేవారికి పాత బండి చవకైన ప్రయోగశాల. పాఠశాల స్థాయిలో కూడా ఒక మల్టీమీటరు, ఒక బ్యాటరీ, ఒక బల్బుతో 2, 3 పరీక్షలను తరగతి గదిలోనే చేసి చూపవచ్చు.

ఇవి కూడా చూడండి

* విద్యుదయస్కాంత ప్రేరణ
* సంచాయక ఘటం
* డయోడు
* మోటారు సైకిలు
* వనపర్తి
* గద్వాల
* నాగర్‌కర్నూలు